ముత్యాలప్ప ఎక్కించిన ఫిల్ము

పుంగనూరు బస్టాండు వెనక సందులో ముత్యాలప్పకు ఒక స్టూడియో ఉండేది. పెళ్లిళ్లు, నామకరణాలు, పాసుబుక్కు ఫోటోలు అతని జీవనం. వాళ్ల నాయన గొర్రెలు మేపినవాడు. మంద వెంట తిరగడం ఇష్టం లేక ముత్యాలప్ప పదో తరగతి కాగానే మదనపల్లెలో ఒక స్టూడియోలో చేరాడు. అక్కడి డార్కురూములో ఏడేళ్లు పనిచేసి, తిరిగి వచ్చి సొంత బోర్డు కట్టుకున్నాడు. ఫిల్ము సంగతి అతనికి తెలిసినంతగా ఆ చుట్టుపక్కల ఎవరికీ తెలియదని అందరూ ఒప్పుకునేవారు. డబ్బా మూత తీసి వాసన చూస్తే చాలు, ఆ రోలు ఎండలో ఉందో నీడలో ఉందో చెప్పేస్తాడని అనేవారు. అది నిజం కాదు. కానీ ఆ మాట వినబడినప్పుడు అతను కాదని అనేవాడు కాదు.

1996 మొదట్లో సోమల దగ్గరి పల్లె నుంచి కృష్ణప్ప అనే రైతు అతన్ని వెతుక్కుంటూ వచ్చాడు. టమోటా పండించేవాడు. మదనపల్లెలో డిగ్రీ చదివాడు. ఎనిమిది నెలలు గాజు బిళ్లను చేత్తో అరగదీసి, దానికి వెండిపూత పూయించి, ఆరంగుళాల అద్దంతో టెలిస్కోపు చేసుకున్నాడు. ఇంట్లోవాళ్లు దాన్ని ఫిరంగి అనేవారు.

"సూసి సూసి సాలయిందప్పా. ఇంగ ఫోటో తీయాల. టెలిస్కోపు నాది, కెమెరా నీది. వస్తావా?" అని అడిగాడు.

ముత్యాలప్ప వెళ్లాడు. కృష్ణప్ప చేను పక్కన బండ మీద టెలిస్కోపు నిలబెట్టి ఉంది. దాని వీపు మీద కెమెరా బిగించి, షట్టరు పది నిమిషాలు తెరిచి పెట్టారు. ఫిల్ము కడిగి చూస్తే నక్షత్రాలకు బదులు గీతలున్నాయి. కృష్ణప్ప నవ్వి, భూమి తిరుగుతూనే ఉంటుంది కాబట్టి టెలిస్కోపు కూడా నక్షత్రాల వెంట అంతే మెల్లగా తిరగాలని చెప్పాడు. దానికొక చిన్న మోటారు, పళ్లచక్రం బిగించాడు. అవి ఉన్నా చాలవు. షట్టరు తెరిచి ఉన్నంతసేపూ ఒక మనిషి టెలిస్కోపులో కన్ను పెట్టి, లోపల అడ్డంగా నిలువుగా కట్టిన రెండు సన్నటి దారాలు కలిసేచోట ఒక నక్షత్రాన్ని నిలిపి ఉంచాలి. అది పక్కకు జరిగితే చేతిలోని మర తిప్పి మళ్లీ దారాల మీదికి తేవాలి. దాన్నే గైడింగ్ అన్నాడు.

ఆ పని ముత్యాలప్ప తీసుకున్నాడు. పది నెలలు చేశాడు. నెలకు రెండు మూడు సాయంత్రాలు మోపెడ్ వేసుకుని సోమల దాకా వెళ్లేవాడు. గీతలు పోయాయి గాని, నక్షత్రాలు జీలకర్ర గింజల్లా సాగి వచ్చేవి. గాలి అన్నాడు, చక్రం అన్నాడు. ఇద్దరూ బండ మీద కూర్చుని ఆదెమ్మ పంపిన రాగిసంగటి తినేవారు. ఆదెమ్మ కృష్ణప్ప భార్య. "ఏం కనబడిందప్పా ఈ పొద్దు?" అని ఆమె అడిగితే ముత్యాలప్పే జవాబు చెప్పేవాడు. ఆ రోజుల్లో తనకు అంతకన్నా మంచి స్నేహం లేదని చాలా ఏళ్ల తర్వాత కూడా చెప్పుకునేవాడు.

టెలిస్కోపు ఇనప కాళ్లు అదురుతున్నాయని, రాతి దిమ్మె కోసం కృష్ణప్ప కుప్పం వెళ్లాడు. గ్రానైటు ముక్క దొరికింది. దాంతో పాటు రైల్వేస్టేషను దగ్గర ఒక వాచీ రిపేరు అంగడి కనిపించింది. చక్రం పళ్లు చూపిద్దామని లోపలికి వెళితే, బల్ల వెనక యాభై దాటిన ఆడమనిషి కంట్లో భూతద్దం ఇరికించుకుని కూర్చుని ఉంది. పేరు రాజమ్మ. మొగుడు పోయాక అంగడి మూసేయకుండా తానే నడుపుతోంది. చక్రాన్ని వేలి మీద తిప్పి చూసి, రెండు పళ్లు అరిగాయని, వారం తర్వాత తానే వచ్చి బిగిస్తానని చెప్పింది. వాళ్ల చెల్లెలిని సోమలలో ఇచ్చారట.

వచ్చింది. బిగించింది. సరిగా తిరుగుతోందో లేదో చూడాలని టెలిస్కోపులో కన్ను పెట్టింది. అప్పటికే ముత్యాలప్ప కెమెరాలో నలుపు తెలుపు రోలు ఎక్కించి, కృత్తికల వైపు గురిపెట్టి షట్టరు తెరిచాడు. ఆమె లేస్తే తాను కూర్చుందామని పక్కన నిలబడ్డాడు. ఆమె లేవలేదు. ఇరవై నిమిషాలు ఆ మనిషి మెడ గాని భుజం గాని కదల్లేదు. వేళ్లు మాత్రం మరను ఎప్పుడో ఒకసారి తాకుతున్నాయి.

"అక్కా, మెడ నొయ్యలేదా?" అని కృష్ణప్ప అడిగాడు.

"వాచీలో ఎంటికంత తీగె సరిసేసేటప్పుడు ఊపిరి గూడా ఇడవరాదప్పా. దీనికి ఊపిరన్నా ఇడవచ్చు" అంది రాజమ్మ.

మర్నాడు ముత్యాలప్ప స్టూడియోలో ఫిల్ము కడిగాడు. తడి నెగెటివును వెలుతురు పెట్టె మీద ఆనించి భూతద్దంతో చూశాడు. నక్షత్రాలన్నీ ఆవగింజల్లా గుండ్రంగా, సూది మొనతో గుచ్చినట్టు ఉన్నాయి. పది నెలలుగా ఎదురు చూసింది అదే. చూడగానే సంతోషం కలిగింది. ఆ సంతోషం ఫిల్ము ఆరేదాకా కూడా నిలవలేదు. మొదటిరోజు, మొదటిసారి, కాళ్లు కూడా సరిగా చాపుకోకుండా కూర్చున్న ఆడమనిషి చేసేసింది. ఆ నెగెటివును మూడు రోజులు ఎవరికీ చూపలేదు. కృష్ణప్ప ఫోను చేస్తే, ఇంకా కడగలేదన్నాడు.

తర్వాత గైడింగ్ పని మాటా పలుకూ లేకుండానే రాజమ్మదైంది. నెలకోసారి ఆదివారం కుప్పం నుంచి వచ్చేది. ముత్యాలప్పకు ఫిల్ము మిగిలింది. ఆ చలికాలమంతా అతను దాని మీద పడ్డాడు. నాలుగు రకాల రోలులు తెప్పించి, ఒకే చోటికి గురిపెట్టి, ఒక్కోదాన్నీ రెండు నిమిషాలు, అయిదు, పది తెరిచి చూశాడు. పదహారు వందల స్పీడుది త్వరగా వెలుతురు పట్టేది, కానీ బొమ్మంతా రవ్వ చల్లినట్టుండేది. పెళ్లిళ్లకు వాడే నూరు స్పీడు రోలు పగలు బంగారం. రాత్రి షట్టరు తెరిచి ఉంచేకొద్దీ దానికి నిద్ర ముంచుకొచ్చేది. మొదటి నిమిషంలో పట్టినంత అయిదో నిమిషంలో పట్టదు. నాలుగు వందలలో ఒక రకం మాత్రం చివరిదాకా మేలుకుని ఉండేది, నీలం రంగును వదిలేది కాదు. ఇదంతా నోటుబుక్కులో రాసుకున్నాడు. ఆ రకం రోలులు రెండు తెచ్చి, పక్కింటి గౌరమ్మను బతిమాలి వాళ్ల ఫ్రిజ్జులో పెట్టించాడు. వచ్చే వేసవి ఆరంభంలో పెద్ద తోకచుక్క వస్తోందని పేపర్లలో రాస్తున్నారు. అది తన ఫిల్ము మీద పడాలని అతని కోరిక.

1997 ఫిబ్రవరి ఆఖరున మదనపల్లెలో ఒక కాలేజీవాళ్లు సైన్సు దినోత్సవం పెట్టారు. కృత్తికల ఫోటోను పెద్దది చేసి గోడకు తగిలించారు. పెద్దది చేసింది ముత్యాలప్పే, రెండు రాత్రులు కూర్చుని. మైకులో "ఫోటో కృష్ణప్ప గారు, గైడింగ్ రాజమ్మ గారు" అన్నారు. వాచీలు బాగుచేసే ఆమె నక్షత్రాన్ని ఇరవై నిమిషాలు పట్టుకుందని వినగానే పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. ఆమెకు శాలువా కప్పుతుంటే ప్రిన్సిపాలు వేదిక మీద నుంచి చుట్టూ చూసి, "ఫోటోగ్రాఫరు ఉన్నారా? ఒక ఫోటో తీయండి" అన్నాడు. ముత్యాలప్ప మెడలో కెమెరా ఉంది. ముందుకు వెళ్లి తీశాడు. బాగా రాలేదేమోనని రెండోది కూడా తీయమన్నారు. తీశాడు.

తిరుగు బస్సులో పక్కన కూర్చున్న కృష్ణప్పతో అన్నాడు:

"నా పేరు సెప్పలేదన్నా వాళ్లు."

"అవునప్పా, మర్సిపోయినట్టుండారు. నేను రాసియ్యాల్సింది" అన్నాడు కృష్ణప్ప. కాసేపటికి, నొప్పించాలని కాదు, మనసులో ఉన్నది పైకి వచ్చేసినట్టు అన్నాడు: "అయినా ఫిల్ముదేముందిలే, యాడైనా దొరుకుతాది. అట్లాంటి సెయ్యి దొరకదు."

ముత్యాలప్ప కిటికీ వైపు తిరిగాడు. ఆ మాట అతనిలో దిగిపోయింది. ఇంట్లో అన్నం తింటుంటే గుర్తొచ్చేది. పెళ్లికూతురు తల పైకెత్తమని చెబుతుంటే గుర్తొచ్చేది. రాజమ్మ ఎప్పుడైనా ఒక్కసారి చేయి వణికిస్తే బాగుండునని కోరుకునేవాడు. ఆమెకు దగ్గు వచ్చిందని తెలిసి, ఆ నెల రాదేమోనని ఆశపడ్డాడు. వచ్చింది. ముత్యాలప్ప కోసం కుప్పం నుంచి మైసూరుపాకు కూడా తెచ్చింది.

ఉగాదికి ముందు అమావాస్యనాడు తోకచుక్క ఫోటో తీయాలని నిశ్చయించారు. పొద్దు మునిగాక పడమటి మూల గంటన్నర సేపు కనబడుతుంది. చంద్రుడి అడ్డు ఉండదు. బయలుదేరే ముందు ముత్యాలప్ప గౌరమ్మ ఇంటి ఫ్రిజ్జులోంచి నాలుగు వందల రోలు తీసుకున్నాడు. అంగట్లో షోకేసులో ఏడాదిగా ఎండ తగులుతూ, గడువు దాటిపోయిన నూరు స్పీడు రోలు ఒకటి ఉంది. దాన్నీ సంచిలో వేసుకున్నాడు. అది ఎందుకని తనను తాను అడగలేదు.

బండ మీద చీకటి పడుతుండగా తోకచుక్క కనిపించింది. ఫోటో ఏదీ చూపలేనంత అందంగా ఉందని ముత్యాలప్ప చెప్పేవాడు. పసుపు తెలుపు తోక ఒకటి చీపురులా విచ్చుకుని, దాని పక్కనే సన్నటి నీలి తోక ఇంకొకటి. ఆదెమ్మ, పిల్లలు, చేలో పని చేసేవాళ్లు అందరూ వచ్చి నిలబడ్డారు. రాజమ్మ అప్పటికే కొంగు నడుముకు దోపుకుని టెలిస్కోపు దగ్గర కూర్చుంది. అందరూ ఆమె చుట్టూ ఉన్నారు. కృష్ణప్ప కూతురు భవ్య ఆమె ఒళ్లోకి ఎక్కబోతే, "అవ్వను తాకరాదు, ఈ పొద్దు అవ్వ సేతిలోనే అంతా ఉండాది" అని కృష్ణప్ప కూతుర్ని వెనక్కి లాగాడు.

ముత్యాలప్ప వాళ్లకు వీపు పెట్టి, సంచిలో చేయి పెట్టి, నూరు స్పీడు రోలు తీసి కెమెరాలో ఎక్కించాడు.

ఎనిమిది ఫోటోలు తీశారు. మూడోది అయ్యాక రాజమ్మ కన్ను తీసి, నీళ్లు కారుతుంటే కొంగుతో తుడుచుకుంది.

"ఫిల్ము మంచిదే గదప్పా?" అని అడిగింది, ఊరికే మాటకు.

మార్చుకోవడానికి అప్పుడు కూడా సమయం ఉంది. నాలుగు వందల రోలు సంచిలోనే ఉంది.

"నన్నూరుది అక్కా. సలికాలమంతా నేను సూసి పెట్టిందే" అన్నాడు.

ఆమె మళ్లీ కన్ను పెట్టింది.

రంగుల ఫిల్ము బెంగళూరు ల్యాబులోనే కడగాలి. వారం తర్వాత వచ్చింది. ఫోటోల్లో మురికి పచ్చ రంగు ఆకాశం, అందులో ఒక తెల్లటి ముద్ద, దానికి పొట్టి తోక. నీలి తోక జాడే లేదు. అప్పటికి వెన్నెల పెరిగింది. ఆ తర్వాత మబ్బులు పట్టాయి. మబ్బులు విడిచేసరికి తోకచుక్క దిగువకు జారిపోయింది.

కృష్ణప్ప ఇంటి వసారాలో ముగ్గురూ కూర్చున్నారు. ఫోటోలు చాలాసేపు తిప్పి తిప్పి చూసి కృష్ణప్ప దుమ్మును నిందించాడు.

"నా సెయ్యే అదిరినట్టుండాదప్పా. కన్ను మంట పుట్టింది ఆ పొద్దు" అంది రాజమ్మ. ఆమె ముఖం చిన్నబోయింది. ముత్యాలప్ప ఇన్నాళ్లూ కోరుకున్న మాట అది. విన్నప్పుడు కడుపు చల్లబడలేదు.

కాఫీ తెస్తానని కృష్ణప్ప లోపలికి వెళ్లాడు. రాజమ్మ చేతిసంచిలోంచి భూతద్దం తీసి కంట్లో పెట్టుకుని, నెగెటివు ముక్కను వెలుతురుకు ఎత్తి పట్టింది. ముందు నక్షత్రాలను చూసింది. అవి గుండ్రంగానే ఉన్నాయి. తర్వాత ఆమె ఫిల్మును కొంచెం పక్కకు జరిపింది. ఫిల్ము అంచున, రంధ్రాల పక్కన, కంపెనీవాళ్లు రోలు స్పీడును చిన్న అక్షరాల్లో ముద్రిస్తారు. కడిగాక అది బయటపడుతుంది. ముత్యాలప్పకు అది తెలుసు. ఆ అంచును చదివేవాళ్లు ఎవరుంటారని అనుకున్నాడు.

"ఈడ నూరు అని ఉండాదే" అంది ఆమె మెల్లగా. "నువ్వు నన్నూరంటివి?"

"సీకట్లో పొరపాటయినట్టుంది అక్కా."

రాజమ్మ భూతద్దం తీసింది. అతని ముఖం వైపు చూసింది.

"పొరపాటైతే నాకు యాల సెప్పేది? కృష్ణప్పకు సెప్పు" అంది.

కృష్ణప్ప కాఫీ గ్లాసులతో వచ్చాడు. ముత్యాలప్ప తాగాడు. చెప్పలేదు. ఆమె చెబుతుందని ఎదురు చూశాడు. ఆ రోజు చెప్పలేదు, ఆ నెలలో చెప్పలేదు, ఎప్పుడూ చెప్పలేదు. చెప్పి ఉంటే తిట్టుకుని విడిపోయేవాళ్లు, అక్కడితో అయిపోయేది. తన తప్పు కాదని తెలిసి కూడా ఆ నిందను రాజమ్మ తన మీదే ఉంచుకుంది. చేతిపనిలో ఆమెకు ఓడినప్పటికన్నా దీన్లో ఓడినప్పుడు అసూయ ఎక్కువగా కాల్చింది. పెళ్లిళ్ల సీజనని చెప్పి సోమల వెళ్లడం మానేశాడు.

బెంగళూరులో ఒకాయన దగ్గర పాత టెలిస్కోపు కొని, స్టూడియో మిద్దె మీద పెట్టుకున్నాడు. ఫిల్ము తనదే, గైడింగ్ తనదే. నాలుగేళ్లు చేశాడు. ఎర్రరంగును బాగా పట్టే స్లైడు ఫిల్ము దొరికింది, మృగశిర కింద ఉండే నెబ్యులా అనే వాయువుల మబ్బు దాని మీద గులాబీ రంగులో వచ్చేది. చుట్టూ నక్షత్రాలు మాత్రం జీలకర్ర గింజలే.

2002 మాఘమాసంలో పుంగనూరులో ఒక పెళ్లికి ఫోటోలు తీయడానికి వెళితే, పెళ్లివారి బంధువుల్లో రాజమ్మ కనిపించింది. తల నెరిసింది. కళ్లద్దాలు పెట్టుకుంది. అతను కెమెరా వెనక దాక్కోవాలని చూశాడు గాని ఆమే వచ్చింది.

"మిద్దె మీద ఏందో పెట్టినావంట. సూపియ్యవా?"

సాయంత్రం స్టూడియోకు వచ్చి స్లైడులన్నీ చూసింది. ఒక్కోదాన్నీ కళ్లకు దగ్గరగా పట్టుకోవాల్సి వస్తోంది. కుడి కంట్లో శుక్లం ముదురుతోందని, ఇక గైడింగ్ చేయలేనని చెప్పింది. ఆ మాట విని ముత్యాలప్పకు లోపల ఎక్కడో తేలికైంది. అలా తేలికైనందుకు సిగ్గు కూడా వేసింది.

"రంగు శానా బాగుండాది. ఇట్లాంటి రంగు మాకు రాలేదు" అందామె. "నువ్వు నక్షత్రాన్ని తరుముతాండావప్పా. జరిగిందనంగానే మర తిప్పుతావు. సగం సార్లు అది జరిగి ఉండదు, గాలికి అట్లా ఆడతాది. నువ్వు తిప్పి దాన్ని జరుపుతాండావు. రొంత ఓర్సుకో. నిజంగా జరిగితే అది ఆడనే ఉంటాది, అప్పుడు తిప్పు."

కరెంటు పోయి ఊరంతా చీకటిగా ఉంది. మిద్దె ఎక్కారు. అతను కన్ను పెట్టాడు. ఆమె అతని చేతి మీద చేయి వేసి, తిప్పబోయినప్పుడల్లా "ఉండు" అంటూ పన్నెండు నిమిషాలు పక్కనే నిలబడింది. ఆరేళ్లుగా తను ద్వేషించిన చేయి అదే. గట్టిగా, వెచ్చగా ఉంది.

ఆ స్లైడులో నక్షత్రాలు గుండ్రంగా వచ్చాయి. తర్వాత నెలలో ఒంటరిగా చేసినా వచ్చాయి. అప్పుడు ఉండబట్టలేక, ఉన్నవాటిలో మంచిది తీసుకుని సోమల వెళ్లాడు. కృష్ణప్ప స్లైడును ఎండకు ఎత్తి చూసి మురిసిపోయాడు.

"ఇది రాజమ్మక్క సెయ్యే! కన్ను కనబడదని ఊరికే సెప్తాండాది" అన్నాడు.

పాత మంట భగ్గుమంది. "ఆమె కాదు, నేను" అందామని నోరు తెరిచాడు ముత్యాలప్ప. ఆ మాటతో పాటు రెండోది కూడా వచ్చేసింది. తోకచుక్క రోజు తానేం చేశాడో, ఎందుకు చేశాడో, ఆమె అంచు ఎలా చదివిందో, అన్నీ చెప్పాడు. బస్సులో అన్న మాట కూడా చెప్పాడు. కృష్ణప్పకు ఆ మాట అన్నట్టు గుర్తే లేదు.

కృష్ణప్ప స్లైడును కిందికి దించి అన్నాడు: "నన్ను తిట్టుంటే పోయుండె గదప్పా. అది మళ్లా వచ్చేది రెండువేల ఏండ్లకు."

స్లైడును వసారా గట్టు మీద పెట్టి చేలోకి వెళ్లిపోయాడు. ముత్యాలప్ప కాసేపు కూర్చుని, బస్సెక్కాడు. మూడేళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

ఈలోగా రాజమ్మకు కంటి ఆపరేషను అయింది. ముత్యాలప్ప కుప్పం వెళ్లి ఆసుపత్రిలో చూశాడు. క్షమించమని అడగాలని వెళ్లి, కళ్లలో మందు వేయించుకునే వేళలు అడిగి వచ్చాడు. ఆమె ఆ సంగతే ఎత్తలేదు. స్టూడియోలో డిజిటల్ కెమెరా వచ్చింది. డార్కురూము గది జిరాక్సు మిషనుకు పోయింది.

2005లో ఒక మధ్యాహ్నం కృష్ణప్ప, పదోతరగతి హాల్‌టికెట్టుకు ఫోటో తీయించాలని కూతుర్ని వెంటబెట్టుకుని స్టూడియో మెట్లెక్కాడు. సోమలలోనే వేరే స్టూడియో ఉంది, అయినా ఇంత దూరం వచ్చాడు. ముత్యాలప్ప స్టూలు వేశాడు, తెర సరిచేశాడు. భవ్యను గడ్డం కొంచెం దించమన్నాడు. కృష్ణప్ప టమోటా ధర పడిపోయిందని చెప్పాడు.

"రాజమ్మక్క దీనికి గైడింగ్ నేర్పిస్తాండాది" అన్నాడు కూతుర్ని చూపిస్తూ. "దీని సెయ్యి మీ ఇద్దరికన్నా బాగుండాది."

ముత్యాలప్ప కెమెరా దించాడు. ఛాతీలో ఆ పాత మంట మళ్లీ లేస్తోంది. పదిహేనేళ్ల పిల్ల మీద. అతనికి నవ్వు రాలేదు.

"నాకు కడుపు మండుతాండాది కృష్ణప్పన్నా" అన్నాడు.

కృష్ణప్ప అతని వైపు చూశాడు. ఓదార్చలేదు, కోప్పడలేదు.

"మండనీలే. ఫోటోలు ఎప్పుడిస్తావు?" అన్నాడు.

"కూసోండి, టీ తాగే లోపల ఇస్తా" అని ముత్యాలప్ప మళ్లీ కెమెరా ఎత్తాడు.